చేయి చేసుకోవడం జరిగింది

5 ఫిబ్రవరి 1968, సోమవారం

పొద్దున్న తలుపు తీస్తే ఎదురుగా మనుషులు. మా క్వార్టర్సుకీ మా ఆయన ఆఫీసుకీ మధ్య ఉన్న చింతచెట్టు కింద, అందరూ సవర ఆడవాళ్ళే. మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని కూర్చున్నారు. మాట లేదు, అరుపు లేదు. కొండ దిగి ఈ వేళకి ఇక్కడ ఉన్నారంటే చీకట్లోనే బయల్దేరి ఉండాలి.

ఆయన ఆఫీసుకి వెళ్ళాలంటే వాళ్ళ మధ్యనుంచే దారి. జరిగారు, ఆయన దాటగానే మళ్ళీ సర్దుకున్నారు.

అన్నం దగ్గర అడిగాను, ఏం కావాలట అని.

"నోరిప్పితే కదా తెలిసేది! డిప్యూటీ తాసీల్దారునై ఎన్ని అర్జీలు చూశాను గానీ, మాట్లాడని అర్జీ ఇదే మొదలు."

పొద్దు వాలాక లేచి వెళ్ళిపోయారు. పెళ్ళై ఈ ఏజెన్సీకి వచ్చి ఏడాది కావస్తోంది. సంతలో వాళ్ళ వీపులూ, వీపుల మీద బుట్టలూ చూశాను తప్ప మొహాలు చూసింది ఇవాళే. ముందు వరసలో ఒకామె, నా వయసే ఉంటుంది. ముక్కుకి మూడు పుడకలు. నేను ముగ్గు వేస్తున్నంతసేపూ నా చేతినే చూసింది.

6 ఫిబ్రవరి

మళ్ళీ వచ్చారు. అదే చోటు.

బంట్రోతు అప్పన్నకి సవర మాట వచ్చునని పేరు. వెళ్ళి కాసేపు వంగి మాట్లాడి వచ్చాడు. "సలికి దుప్పట్లు కావాలంతన్నారు బాబూ!" అన్నాడు. ఆయన వెంటనే స్టోరులోంచి దుప్పట్లు తెప్పించారు.

చెట్టు కింద పెట్టిన కట్ట పెట్టినట్టే ఉంది. ఒక్కరూ ముట్టుకోలేదు. ఆ మూడు పుడకల ఆమె అప్పన్న వైపు చూసిన చూపు... అప్పన్న సైకిలు తుడుచుకుంటూ వెనక్కి తిరిగాడు.

7 ఫిబ్రవరి

కుండతో మంచినీళ్ళు ఇచ్చాను. తాగారు. మూడు పుడకల ఆమె కుండలో నీళ్ళని చూపించి "డా" అంది. నేనూ "డా" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వగలరన్నమాట.

నాకు తెలిసిన సవర మాటలు ఇప్పుడు ఒకటి.

8 ఫిబ్రవరి, గురువారం, సంత

నూకాలు వచ్చింది. సముద్రం ఒడ్డునుంచి రైల్లో, బస్సులో ఎండుచేపల గంపతో ప్రతి గురువారం వస్తుంది. చేపలిచ్చి చింతపండు తీసుకెళ్తుంది. నోట్లో అడ్డపొగ చుట్ట, గట్టి గొంతు. పద్దెనిమిదేళ్ళుగా ఈ కొండలు తిరుగుతోందట. సవర మాట ఆవిడకి మాతృభాషలాగే వచ్చు.

వాళ్ళని చూడగానే గంప దించి మధ్యలో కూలబడింది. నేను నెత్తళ్ళు బేరమాడే వంకతో వెళ్ళాను.

"దుప్పట్లేటి అమ్మగోరూ, అప్పన్న నోట్లో మన్ను! ఆడు రేంజరు దొరకి బయపడి అలగ సెప్పేడు. ఈ మూడు పుడకల గుంట పేరు సోమి. ఊరు లుంబుగూడ. దీని మొగుడు లక్కాయిని రేంజరు కొట్టేడు. ఎడం సెవి పోనాది."

"ఎప్పుడు?"

"నాగులసవితి ఎల్లేక. దొర కొండెక్కేడంట, సామాను మోయమని మనుషుల్ని పట్టేరు. మడతమంచం, కుర్సీ, ట్రంకుపెట్టి. కూలీ లేదు, కూడు లేదు, ఎట్టిసాకిరి. లక్కాయికి జొరం. అయినా పెట్టి ఎత్తేరు. గెడ్డ దాటతంటే కాలుజారి పడ్డాడు. పెట్టి నీళ్ళలో పడ్డాది. దొర ఒడ్డు మీదికి లాగించి..." చేత్తో చూపించింది, ఇలా ఇలా అని.

సోమి నూకాలు చేతినే చూస్తోంది. చూసి, ఆ చెయ్యి పట్టుకుని ఇంకొంచెం పైకి జరిపింది. అక్కడ కాదు, ఇక్కడ అని.

రేంజరు గారు! మేం దిగిన రోజున టేకు మంచం పంపించిన ఫారెస్టు రేంజరు గారు. దాని మీదే కూర్చుని రాస్తున్నాను.

9 ఫిబ్రవరి

ఆయనకి చెప్పాను. ఊరికి బయల్దేరిన నూకాల్ని ఆపించి వరండాలో విచారణ పెట్టారు. నేను కిటికీ దగ్గర బియ్యం ఏరుతూ కూర్చున్నాను. రాళ్ళు ఎన్ని వదిలేశానో.

"నష్టపరిహారం కోసం రాయమంటావా?"

సోమి చాలాసేపు మాట్లాడింది. చేతులతో, నవ్వుతో, మధ్యలో కొంచెం పాడింది కూడా. నూకాలు: "డబ్బులొద్దంతంది."

"పోనీ, బదిలీ చేయమని పైకి రాస్తాను."

సోమి ఒకటే మాట అంది. నూకాలు: "ఈ కొండమీంచి ఆ కొండకి తోలితే ఆ కొండోళ్ళని కొడతాడు గదా బాబూ, ఆళ్ళు మనుసులు కారేటి, అంతంది."

"మరేం కావాలి?"

"దొర లుంబుగూడ రావాల. నడిసి రావాల. మావోడి ముందట కూకోని, ఎందుకు కొట్టేడో సెప్పాల. గట్టిగా సెప్పాల, ఆడికి ఇనిపించాల గదా."

ఆయన పెన్ను మూత పెట్టేశారు. "ఇది ఏ సెక్షను కింద రాయను?" అన్నారు. ఎవరితోనూ కాదు.

తర్వాత నూకాల్ని పట్టుకున్నాను. అంత పొడుగు మాట అంత పొట్టిగా ఎలా అయింది, ఆ పొట్టిది అంత పొడుగెలా అయింది?

"ఒక మాటే అంది, 'ఎక్కడికి?' అని. మీ బాబుకి తెలవాలని మిగతాది నాను కలిపేను. ముందు సెప్పిందంతా ఆళ్ళాయన గురించి. తుడుం ఎలగ కొడతాడో, పెళ్ళిళ్ళకి ఊరూరోళ్ళు ఆడికోసం ఎలగ వొస్తారో. ఇప్పుడు తాళం తప్పిపోతన్నాడంట. అది సర్కారోళ్ళకెందుకు సెప్పు?"

విచారణ కాగితంలో లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

11 ఫిబ్రవరి, ఆదివారం

రేంజరు గారు మధ్యాహ్నం భోజనానికి వచ్చారు. మా ఆయనే పిలిచారు, నెమ్మదిగా కనుక్కుందామని. సీసాలో తేనె తెచ్చారు. నెత్తళ్ళూ వంకాయా రెండుసార్లు వడ్డించుకున్నారు. "మా చెల్లెమ్మ చేతివంట!" అని మెచ్చుకున్నారు. వాళ్ళ చిన్నమ్మాయికి పుస్తకాల పిచ్చట, ఎండాకాలం సెలవులకి వస్తే నా దగ్గర వదులుతారట. మంచి మనిషిలాగే ఉన్నారు. నాకదే వింతగా ఉంది.

ఈయన అడవి రోడ్డు గురించీ, సర్వే రాళ్ళ గురించీ మాట్లాడుతున్నారు. అసలు సంగతి రావడమే లేదు. మజ్జిగ పోస్తూ నేనే అడిగేశాను.

"అన్నయ్యగారూ, లుంబుగూడ లక్కాయిని మీరు కొట్టారా?"

ఆయన చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. మా ఆయనది. రేంజరు గారిది ఆగలేదు.

"లక్కాయా? ఎవడమ్మా?"

చెప్పాను. జ్వరం, ట్రంకుపెట్టె, గెడ్డ. ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు, నుదురు ముడివేసి. నటన కాదు.

"ఊహూఁ. గుర్తు రావడం లేదు చెల్లెమ్మా. అడవిలో అప్పుడప్పుడు చెయ్యి చేసుకోకపోతే పనవదు. ఎవర్నని గుర్తుపెట్టుకుంటాం?" అని మజ్జిగ తాగి, పచ్చిమిరపకాయ అడిగారు.

12 ఫిబ్రవరి

ఆయన: "నిన్నటి మాట బయట అనకు."

నేను: "ఏ మాట?"

ఆయన: "గుర్తులేదన్న మాట."

కొట్టాడన్న మాట కాదు. గుర్తులేదన్న మాట. ఎందుకో ఆయనకీ అదే గుచ్చుకుంది.

15 ఫిబ్రవరి, గురువారం

ఆయన కోర్టు పనిమీద శ్రీకాకుళం వెళ్ళారు. ఎల్లుండిదాకా రారు.

నూకాలు రేపు చింతపండు కోసం లుంబుగూడ ఎక్కుతుందట. "నేనొస్తాను" అన్నాను.

"కాళ్ళు బొబ్బలెక్కుతాయి అమ్మగోరూ."

"ఎక్కనీ."

16 ఫిబ్రవరి

బొబ్బలెక్కాయి. వేన్నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని రాస్తున్నాను.

గెడ్డ చూశాను. ఇప్పుడు మోకాలి లోతే. రాళ్ళు పాచిపట్టి జారుడు. జ్వరం లేని నాకే చేతిలో ఏమీ లేకుండా దాటడం గండమైంది, ట్రంకుపెట్టె నెత్తిన ఉంటే...

లుంబుగూడ — ఎదురెదురుగా రెండు వరసల ఇళ్ళు, ఎర్రమట్టి గోడలు, అరుగులు. సోమి నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. నీళ్ళిచ్చి "డా" అంది. లోపలి గోడమీద తెల్ల పిండితో బొమ్మలు: మనుషులు, నెమళ్ళు, దువ్వెన, గుర్రమెక్కిన టోపీవాడొకడు. "రేంజరా?" అన్నాను.

నూకాలు అడిగింది. సోమి పగలబడి నవ్వింది. "ఆళ్ళ దేవుడంట అమ్మగోరూ! దొర అంతటోడు కాడంతంది."

నా మొహం ఎలా పెట్టుకోవాలో తెలియలేదు. ప్రతిదాన్లోనూ నాకు రేంజరే కనిపిస్తున్నాడు, వాళ్ళకి ఇంకా బోలెడు ఉంది బతకడానికి.

లక్కాయి అరుగుమీద తాడు పేనుతున్నాడు. సన్నటి మనిషి. మాట్లాడుతుంటే నా పెదాలు చూస్తాడు, తర్వాత కుడి చెవి నావైపు తిప్పుతాడు. జరిగింది చెప్పాడు. కోపంగా కాదు, దారి చెప్పినట్టు చెప్పాడు. ఇక్కడ పడ్డాను, ఇక్కడ లేపారు, ఇక్కడ కొట్టారు.

తర్వాత ఒక ప్రశ్న అడిగాడు. నూకాలు ఆరిపోయిన చుట్ట వెలిగించుకుని అప్పుడు చెప్పింది.

"నాకు జొరమని తెలిసి కొట్టేడా, తెలక కొట్టేడా అని అడుగుతన్నాడు. అప్పట్నుంచీ అదే బెంగ అంట ఆడికి. తెలక కొడితే ఒకలాగంట. తెలిసి కొడితే ఇంకోలాగంట. దొర ఒచ్చి సెప్తే గానీ తెల్దు గదా అంతన్నాడు."

ఇందుకా! చెట్టుకింద అన్ని రోజులు కూర్చున్నది ఇందుకు!

ఆయన చెప్పొద్దన్నారు. కానీ ఆ మనిషి నా మొహం వైపే చూస్తున్నాడు. జవాబు నాకు తెలుసు. తెలిసి తెలియనట్టు కొండ దిగిరావడం నావల్ల కాలేదు.

"గుర్తులేదన్నారు," అన్నాను. "నిన్ను కొట్టినట్టే ఆయనకి గుర్తులేదు."

"అదెలగ సెప్పనమ్మగోరూ ఈడికి?" అంది నూకాలు. మొదటిసారి ఆవిడ గొంతు తగ్గడం విన్నాను.

"ఉన్నదున్నట్టు చెప్పు. కలపకు."

చెప్పింది. లక్కాయి మళ్ళీ చెప్పించుకున్నాడు, కుడి చెవి ఆవిడ నోటి దగ్గర పెట్టి. తాడు పక్కన పెట్టాడు. అడిగాడు: "ఎంతమందిని కొడితే ఒకడు గుర్తుండడు?"

ఎదురింటి అరుగుమీద ముసలామె ఏదో అంది. పక్కింట్లోంచి ఇంకొకడు వచ్చి తన మోచెయ్యి చూపించాడు. ఇంకొకామె, తన కత్తి లాక్కున్నారని, అడ్డాకుల మోపు తన్నేశారని. ఇంతవరకూ ఎవరిదివాళ్ళే దాచుకున్నారట, తమ ఒక్కళ్ళకే జరిగిందని. నూకాలు చెప్పలేక చేతులెత్తేసింది. "అందరూ ఒక్కపాలి మాటాడితే నాకు రెండు నోళ్ళున్నాయేటి!"

దిగివస్తుంటే వెనక ఇంకా మాటలే.

19 ఫిబ్రవరి

ఆయనకి చెప్పలేదు, కొండెక్కానని. కాళ్ళు చూసి ఆయనే అడిగారు. చెప్పాను, ఎక్కానని మటుకు. అక్కడ ఏమన్నానో చెప్పలేదు.

అప్పన్న కబురు: కొండమీద ఊరూరా అదే మాటట. కొత్త అర్జీ ఏమిటంటే, లక్కాయి ఒక్కడి ముందే కాదు, అందరి ముందూ చెప్పాలట.

ఆయన రేంజరు గారికి మంచిగా రాశారు, ఒక్కసారి వచ్చి మాట్లాడితే సరిపోతుందని. వస్తానన్నారట. కొండెక్కరట. జీపు వెళ్ళగలిగినంత దూరమే వస్తారట.

24 ఫిబ్రవరి, శనివారం

గెడ్డ ఒడ్డు. ఇవతల రేంజరు గారి జీపు. అవతల జనం. ఆడవాళ్ళ వెనక మగవాళ్ళు, చెట్ల మధ్యంతా మనుషులే. అంతమంది ఇంత నిశ్శబ్దంగా ఎలా ఉండగలరు? ఆయనా నేనూ నూకాలూ మధ్యలో, రాళ్ళ మీద.

లక్కాయిని ముందుకి తెచ్చారు. రేంజరు గారు జీపులోంచి దిగారు. అతన్ని చూశారు. గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నారా అని నేను ఆయన మొహమే చూస్తున్నాను. అంతు పట్టలేదు.

గొంతు సవరించుకున్నారు. "విధి నిర్వహణలో భాగంగా చేయి చేసుకోవడం జరిగింది. అందుకు విచారిస్తున్నాను. చెప్పు వాళ్ళకి."

నూకాలు కదల్లేదు.

"చెప్పవే!"

"ఎలగ సెప్పమంతారు బాబూ? జరిగింది అంటే... ఎవులు సేసేరని సెప్పను?"

"జరిగిందని చెప్పు చాలు."

"వాన పడతాది, జరిగిందంతాం. కొండసరియ ఇరిగి పడతాది, జరిగిందంతాం. కొట్టడానికి ఎవుడో ఒకడు ఉండాల గదా బాబూ. 'నాను కొట్టేను' అనండి. ఎంతసేపు, అలాగే దింపేస్తాను ఆళ్ళ మాటలోకి."

మా ఆయన నేలచూపులు. రేంజరు గారి మెడ ఎర్రబడింది. నోరు తెరిచారు. నిజంగా తెరిచారు, నేను చూశాను. 'నే' దాకా వచ్చిందేమో కూడా. అవతల ఒడ్డున అంతమంది ఉన్నారు. అదే చూశారు. నోరు మూసుకున్నారు.

జీపు వెనక్కి తిరగడానికి చోటు చాలలేదు. చాలాసేపు ముందుకీ వెనక్కీ... వాళ్ళు అదంతా చూస్తూ నిలబడ్డారు.

లక్కాయి సోమిని ఏదో అడిగాడు. నూకాలు చెప్పింది: "దొర ఏటన్నాడు అంతన్నాడు. ఏటీ అన్లేదని సెప్తంది."

25 ఫిబ్రవరి

పెద్ద గొడవ. రేంజరు గారు కబురంపారు: మీ ఇంట్లో అన్నం తింటూ అన్న మాట కొండమీదికెలా ఎక్కిందని.

"నువ్వు చెప్పావా రాజ్యం?"

"చెప్పాను."

"అన్నం పెట్టిన చోట విన్నమాట!"

"అందుకే కదా ఆయన దాచకుండా అన్నారు. ఇంకెక్కడన్నా అంటే జరిగిందనేవారు."

ఆయన నవ్వాపుకున్నారు, నాకు తెలుసు. తర్వాత మళ్ళీ కోపం. తర్వాత కుర్చీలో కూర్చుని చాలా మెల్లగా: "నేను రిపోర్టులో రాయలేను ఆ మాట. సాక్షి ఎవరంటే నా పెళ్ళాం అనాలి."

నేను ఒక్కటే అడిగాను. "మీకు నిజంగా ఏమనిపిస్తోంది?"

ఇన్నాళ్ళ కాపురంలో ఆ ప్రశ్న నేను అడగడం ఇదే మొదలేమో.

29 ఫిబ్రవరి, గురువారం

నూకాలు గంపని ఫారెస్టు గేటు దగ్గర ఆపేశారు. పర్మిటు చూపించమన్నారట. ఎండుచేపలకి పర్మిటేమిటి! ఎండలో మధ్యాహ్నందాకా నిలబెట్టి వెనక్కి పంపేశారు. ఈ వారం సంతలో ఆవిడ చోటు ఖాళీ. సవర ఆడవాళ్ళు చింతపండు బుట్టలతో ఆ ఖాళీ చుట్టూనే కూర్చున్నారు.

4 మార్చి

టెక్కలికి బదిలీ. మాకు. రేంజరు గారికి కాదు.

ఆయన ఆర్డరు మడిచి జేబులో పెట్టుకుని, "నీకు మీ అమ్మావాళ్ళు దగ్గరవుతారు," అన్నారు. జోళ్ళు విప్పుతూ, "రిపోర్టు పంపేశాను నిన్ననే," అన్నారు. ఏం రాశారో చెప్పలేదు. అడిగితే, "ఎవరు కొట్టారో రాశాను. అంతే," అన్నారు.

అంతే అట. ఎన్నాళ్ళు నలిగారో ఆ ముక్కకి.

5 మార్చి

సామాను కడుతున్నాం. టేకు మంచం తిరిగి పంపించేశాం. ఆయనే పంపించారు, నేను అనకుండానే.

6 మార్చి, బుధవారం

మళ్ళీ చింతచెట్టు కింద జనం. ఈసారి మగవాళ్ళు కూడా. నాకు తెలియని ఊళ్ళవాళ్ళు. లక్కాయి తుడుం మెడకి తగిలించుకుని వచ్చాడు, ఎందుకో. నూకాలు కూడా ఉంది, గంప లేకుండా. గంప లేని నూకాల్ని చూడ్డం ఎంత వింతగా ఉందో!

పార్వతీపురం వెళ్తారట, పెద్ద దొరని, అంటే సబ్ కలెక్టరుని, అడగడానికి. బస్సెక్కేవాళ్ళు బస్సు, తక్కినవాళ్ళు నడక.

"మరి నీ వ్యాపారం?" అన్నాను నూకాలుతో.

"సేపలు ఎక్కడైనా అమ్ముకుంతాను. ఈ మాటలు ఇంకెవులు మోస్తారు అమ్మగోరూ?"

సోమి మెట్లదాకా వచ్చింది. ఎప్పుడూ ఇంత దగ్గరికి రాలేదు. నా వైపు చూస్తూనే మాట్లాడింది, నూకాలు వైపు కాదు.

"నువ్విన్నావు గదా అంతంది. దొర గుర్తులేదన్నాడని మేం సెప్తే ఎవులు నమ్ముతారు? నువ్వే రావాల. నువ్వే సెప్పాల."

"కలిపావా?" అన్నాను.

"ఒక్క ముక్క కలిపితే ఒట్టు."

లోపలికి వచ్చి ఆయనకి చెప్పాను. మూట కడుతున్న తాడు చేతిలోనే ఉండిపోయింది.

"వెళ్ళి ఏం చెప్తావు?"

"విన్నది."

"నీ మొగుడెవరని అడుగుతారు."

"చెప్తాను."

ఆయన వద్దనలేదు. వెళ్ళమనీ అనలేదు. బస్సుకి ఇంకా కొంచెం టైముంది. మెట్లమీద కూర్చుని ఇది రాస్తున్నాను. సోమి పక్కనే నిలబడి పెన్ను కదలడం చూస్తోంది. చెవిని ఏమంటారని అడిగితే చెప్పింది, నాకు నోరు తిరగలేదు. మళ్ళీ చెప్పింది.

లోపల ఆయన కట్టిన మూట విప్పుతున్న చప్పుడు. ఏం వెతుకుతున్నారో. ఊరెళ్ళేటప్పుడు ఆయన వేసుకునే ఇస్త్రీ చొక్కా ఆ మూట అడుగునే ఉంది...